ఆర్కిడా, గూగుల్ స్కాలరా, రీసెర్చ్‌గేటా: రిసెర్చ్ చేసేవాళ్లకి ఏది మేలు?

మొన్న హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్ దగ్గర జిరాక్స్ సెంటర్‌లో నా జూనియర్ ఒకమ్మాయి కనిపించింది. బాటనీ. ఏటూరునాగారం అడవుల్లో ఔషధ మొక్కల కోసం ఐదేళ్లు తిరిగి, మొత్తానికి థీసిస్ పూర్తిచేసి బైండింగ్‌కి ఇచ్చి కూర్చుంది. చేతిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు అప్లికేషన్. అందులో ఒక పేజీ నిండా గళ్లే: ఆర్కిడ్ నంబరు, గూగుల్ స్కాలర్ లింకు, స్కోపస్ ఐడీ, విద్వాన్ ఐడీ, కింద 'ఇతరములు'.

"అన్నా, ఇవన్నీ ఉండాల్నా? ఇన్ని అకౌంట్లు ఎవరు చూసుకుంటరు? ఒక్కటి చెప్పు, ఏది మంచిది?"

ఒక్కటే అంటే ఆర్కిడ్ అన్నాను. రెండైతే గూగుల్ స్కాలర్ కూడా. మిగతావి తీరిక దొరికితేనే. ఎందుకని అడిగితే అక్కడ చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇది.

ముందు మన పేర్ల సంగతి చూడాలి, అసలు చిక్కంతా అక్కడే. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. జర్నల్ ఫారంలో ఉండేవి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. శ్రీలత అనే అమ్మాయి ఇంటిపేరు బండారి అనుకోండి. ఒక పేపర్‌లో బి. శ్రీలత అని వస్తుంది. ఇంకోచోట వరస తిరగబడి ఎస్. బండారి అవుతుంది. మూడోచోట ఇనీషియల్ వెనక్కి పోయి శ్రీలత బి. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒకసారి చివర 'టీహెచ్ఏ', ఒకసారి ఉత్త 'టీఏ'. మొదట్లో ఒకసారి 'ఐ', ఇంకోసారి రెండు 'ఈ'లు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారితే మరో మనిషి పుట్టినట్టే. ఇదంతా మనకు ఒక్క శ్రీలతే. కంప్యూటర్‌కి మాత్రం ఐదారుగురు. పైగా బి. శ్రీలతలు వరంగల్ జిల్లాలోనే ఎంతమంది ఉంటారో! కె. శ్రీనివాస్‌ల సంగతైతే అడగొద్దు.

ఆర్కిడ్ పుట్టిందే ఈ చిక్కు విప్పడానికి. పలకడం పూల పేరులాగే, స్పెల్లింగులో మాత్రం 'హెచ్' ఉండదు. 2012 అక్టోబరులో మొదలైంది. లాభం కోసం నడిచే కంపెనీ కాదు. ఖర్చు సభ్యత్వం తీసుకున్న సంస్థలు భరిస్తాయి, మన దగ్గర పైసా తీసుకోరు. రిసెర్చ్ చేసే ఒక్కో మనిషికి, నాలుగేసి చొప్పున 16 అంకెల నంబరు ఇస్తారు. చివరిది అంకె కాకుండా 'ఎక్స్' వచ్చిందని కొందరు కంగారుపడతారు. తప్పేం కాదు, నంబరు సరిగ్గా కొట్టామా లేదా అని సరిచూసే గుర్తు అది. లెక్కలో పది వస్తే ఎక్స్ వేస్తారు.

దీంట్లో నాకు బాగా నచ్చేది, పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్ని రకాలూ 'ఇంకో పేర్లు' అనే గడిలో రాసుకోవచ్చు. పెళ్లికి ముందు పేరు, తర్వాత పేరు, అన్నీ. పేరు మారినా, కాలేజీ మారినా, నంబరు మారదు. పేపర్ పంపేటప్పుడు ఈ నంబరు ఇచ్చి, జర్నళ్ల పేపర్ల వివరాలు నమోదుచేసే క్రాస్‌రెఫ్‌కి ఒకసారి అనుమతి ఇస్తే, ఆ తర్వాత అచ్చయినవి చాలావరకు వాటంతట అవే వచ్చి చేరతాయి. ఏది అందరికీ కనిపించాలో, ఏది మనకే ఉండాలో కూడా మన చేతిలోనే.

మరి లోటు? ఆర్కిడ్ పేజీ చూసి ఎవరూ మురిసిపోరు. మన పేపర్‌ని ఎంతమంది ఉదహరించారో అందులో ఉండదు. మొక్కల మీద ఏదో వెతుక్కునే పూణే కుర్రాడు ఆర్కిడ్‌లోకి వచ్చి వెతకడు. వాడు వెళ్లేది గూగుల్ స్కాలర్‌కే.

పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ సేవ ఇది, 2004 నవంబరు నుంచి ఉంది. రచయితల ప్రొఫైల్ పేజీలు 2011లో అందరికీ తెరిచారు. పేపర్లు అదే వెతికి తెస్తుంది, సైటేషన్లు, అంటే ఎన్నిసార్లు ఉదహరించారో, అదే లెక్కపెడుతుంది, పక్కన గ్రాఫ్ కూడా గీస్తుంది. హెచ్ ఇండెక్స్ కూడా వేస్తుంది. కనీసం ఐదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు ఐదు ఉంటే ఐదు, అంతే దాని లెక్క. హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 2005లో పెట్టిన కొలత. థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో అచ్చు కాకముందే నెట్‌లో పెట్టినవి) కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, ఎంపిక చేసిన జర్నళ్ల పేపర్లనే లెక్కపెట్టే స్కోపస్ కంటే స్కాలర్‌లో అంకె సాధారణంగా పెద్దగా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో అంకె చెప్పేటప్పుడు ఎక్కడిదో కూడా చెప్పడం మంచిది.

కనిపించడంలో స్కాలర్‌కి సాటి లేదు. నమ్మకం దగ్గరే తేడా. సెట్టింగుల్లో 'అప్‌డేట్లు ఆటోమేటిక్‌గా చేర్చు' అని వదిలేస్తే, మన పేరున్న వేరేవాళ్ల పేపర్లు కూడా మన ఖాతాలోకి వచ్చి కూర్చుంటాయి. నా పేజీలో ఒకసారి కోళ్ల దాణా మీద రెండు పేపర్లు తేలాయి. నేను చదివింది కాకతీయుల శాసనాలు! తీసేసేలోపే ఒక మిత్రుడు చూసి, వారం రోజులు "కోళ్ల సార్" అని పిలిచాడు. నవ్వుకున్నాం సరే, అదే ఇంటర్వ్యూ బోర్డు ముందు తేలితే దొంగలెక్క అంటారు. 'ముందు నాకు మెయిల్ పంపి అడుగు' అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోండి.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. ఒకచోట కాంట్రాక్టు మీద పనిచేసేటప్పుడు, వాళ్లిచ్చిన మెయిల్‌తోనే స్కాలర్ అకౌంట్ తెరిచాను. కాంట్రాక్టు అయిపోయింది, నెల తిరక్కుండా మెయిల్ మూసేశారు. పేజీ అలాగే ఉంది, పేపర్లు అలాగే ఉన్నాయి, లోపలికి పోవడానికే దారి లేదు. తాళంచెవి పోయిన సొంతింటి ముందు నిలబడ్డట్టు ఉండేది. చివరికి కొత్తది తెరిచి మళ్లీ మొదట్నుంచీ పేర్చుకున్నాను. కాబట్టి అకౌంట్ సొంత జీమెయిల్‌తో తెరవాలి. 'వెరిఫై' చేసే గడిలో మాత్రం సంస్థ మెయిల్ ఇవ్వాలి, అది లేకపోతే వెతికినవాళ్లకి ప్రొఫైల్ కనిపించదు. ఆర్కిడ్‌లో రెండు మెయిళ్లూ కలపొచ్చు, అదీ ఈరోజే చేసుకోండి. పీహెచ్‌డీ స్కాలర్లకి యూనివర్సిటీ మెయిల్ ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

ఇక రీసెర్చ్‌గేట్, అకడెమియా. రిసెర్చ్ చేసేవాళ్లు పేపర్లు పంచుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకునే సైట్లు. రెండూ 2008లో మొదలైన కంపెనీలే. మొదటిదాని ఆఫీసు బెర్లిన్‌లో, రెండోదానిది అమెరికాలో. అకడెమియా చిరునామా చివర 'ఈడీయూ' చూసి అదేదో యూనివర్సిటీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ అక్షరాలు విద్యాసంస్థలకే అనే నిబంధన రాకముందే తీసుకున్న డొమైన్ అది, అంతే. రెండిట్లో ఒకటే అంటే నా ఓటు రీసెర్చ్‌గేట్‌కి. ముఖ్యంగా సైన్స్ వాళ్లకి. ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న మనిషి 'ఈ పేపర్ కాపీ పంపగలరా' అని అడుగుతాడు, మనం అతనికి విడిగా పంపుతాం, అక్కడినుంచి మాట మొదలవుతుంది. అకడెమియా నుంచి 'మీ పేరు ఎవరో ప్రస్తావించారు' అని మెయిల్ వస్తుంది. ఎవరో చూడాలంటే డబ్బు కట్టమంటుంది. ఊరించడం అంటే అదే.

రెండిట్లోనూ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. జర్నల్ వేసిన పీడీఎఫ్‌ని అలాగే ఎక్కించకూడదు, కాపీరైట్ ఎక్కువసార్లు పబ్లిషర్‌దే. జర్నళ్లు వేసే ఎల్సెవియర్, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి రీసెర్చ్‌గేట్ మీద 2017లో జర్మనీలో కేసు కూడా వేశాయి. మనం రాసి పంపిన చివరి వర్డ్ కాపీ పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఇన్ని నెలల తర్వాతే అంటాయి. రూల్ చూసుకుని పెట్టాలి. రీసెర్చ్‌గేట్ ఒకప్పుడు ఇచ్చిన ఆర్‌జీ స్కోర్ గురించి బయోడేటాలో ఇంకా రాస్తున్నవాళ్లు దయచేసి తీసేయండి. 2022లో వాళ్లే దాన్ని ఎత్తేశారు.

స్కోపస్ ఐడీ మనం తెరిచేది కాదు, వాళ్ల జాబితాలోని జర్నల్‌లో పేపర్ పడితే అదే పుడుతుంది. ఒకే మనిషికి రెండు ఐడీలు పుట్టడం మామూలే. ఉచితంగా కలిపించుకోవచ్చు. అది చేస్తే చాలు. విద్వాన్ అంటే మన దేశంలోని పరిశోధకుల వివరాల జాబితా, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపేది. థీసిస్‌ల భాండాగారం శోధగంగ నడిపేదీ వాళ్లే. మన దేశంలో ఉద్యోగానికి, కమిటీలకి అడుగుతున్నారు కాబట్టి ఒకసారి నింపి పెట్టుకోవాలి. బయటి దేశాల వాళ్లు చూసేది తక్కువ. సొంత వెబ్‌సైట్ అందంగా ఉంటుంది, నిజమే. మొదటి నెల ఉత్సాహం. తర్వాత 'త్వరలో' అని రాసిన పేజీ త్వరలోగానే మిగిలిపోతుంది. చూసుకునే ఓపిక లేకపోతే జోలికి పోవద్దు.

ఇదంతా సైన్స్ వాళ్ల లెక్క. తెలుగు, చరిత్ర, జానపదం మీద పనిచేసే నాలాంటి వాళ్ల సంగతి వేరు. మా వ్యాసాలు సగం సెమినార్ సంచికల్లో ఉంటాయి. అవి బీరువాల్లో. స్కోపస్‌లో వెతికితే సున్నా. నెట్‌లో ఫైలే లేనిదాన్ని స్కాలర్ కూడా వెతికి తేలేదు. ఇక్కడ ఆర్కిడ్ పక్కాగా గెలుస్తుంది. వ్యాసం పేరు తెలుగులోనే రాసి, పక్కన ఇంగ్లిష్ అనువాదం పెట్టి, చేత్తో చేర్చుకోవచ్చు. హక్కులు మనవే అయితే, సంపాదకుణ్ని ఒకమాట అడిగి, స్కాన్ చేసి జెనోడోలో పెట్టొచ్చు. అది జెనీవా దగ్గరి సెర్న్ అనే ఫిజిక్స్ పరిశోధనా సంస్థ వాళ్లు 2013 నుంచి ఉచితంగా నడుపుతున్న భాండాగారం. వ్యాసానికి శాశ్వత గుర్తుగా ఉండే డీఓఐ నంబరు కూడా ఇస్తారు. ఆ నంబరు ఉన్న వ్యాసాన్ని ఎవరైనా ఉదహరించగలరు. నేను అలా ఓ నాలుగు వ్యాసాలు పెట్టాను. అందులో ఒకటి ఖిలా వరంగల్ తోరణాల మీద. దాని స్కాన్‌లో మూడో పేజీ కొంచెం వంకరగా వచ్చింది. మళ్లీ చేయాలి.

మెయింటెనెన్స్ అంటే టెన్షన్ అక్కర్లేదు. ఏదైనా పేపర్ అచ్చయిన రోజు ఓ పావుగంట. మూడు నెలలకోసారి స్కాలర్ తెరిచి కోళ్లేమైనా వచ్చాయేమో చూసుకోవడం. అంతకన్నా ఎక్కువ కూర్చుంటే అది రిసెర్చ్ కాదు, అద్దం చూసుకోవడం.

ఆ అమ్మాయి అక్కడే ఫోన్‌లో ఆర్కిడ్ తెరిచింది. పేరు గడి దగ్గర ఆగింది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలా పెట్టు, ఇకనుంచి ప్రతి పేపర్‌కీ అదే, మిగతా రకాలన్నీ కింది గడిలో అన్నాను. రాసుకుంటూ ఉండగానే లోపల్నుంచి బైండింగ్ కుర్రాడు పిలిచాడు. అట్ట మీద బంగారు అక్షరాలు వేయడానికి అచ్చు పేర్చి పట్టుకుని ఉన్నాడు.

"మేడం, పేర్ల చివర హెచ్ వెయ్యాల్నా, వద్దా?"

"ఒక్క నిమిషం ఆగు తమ్మీ," అంటూ ఫోన్ పట్టుకుని అతని దగ్గరికి వెళ్లింది.