హాల్‌మార్క్ అసలుదే, మగ్గే కాదు: పాత ఇంగ్లిష్ వెండి కొనేవాళ్లు జాగ్రత్త

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత వెండి మగ్గులు, ట్యాంకార్డులు (మూత ఉన్న పెద్ద బీరు మగ్గులు) కొనే మనవాళ్లందరూ దయచేసి ఇది చదవండి. నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదు.

మూడు వారాల కిందట ఒక యాంటిక్ ఫెయిర్‌లో, రెండో జార్జ్ రాజు కాలం (1727-60) నాటిదని చెబితే 650 పౌండ్లు పెట్టి బీరు మగ్గు కొన్నాను. అడుగున నాలుగు ముద్రలూ ఉన్నాయి: నడుస్తున్న సింహం (వెండి స్వచ్ఛతకి), కిరీటం పెట్టిన చిరుత తల (లండన్ ముద్ర), సంవత్సరాన్ని తెలిపే అక్షరం, కంసాలి పొడి అక్షరాలు. భూతద్దం పెట్టి మరీ చూశాను. ముద్రలు నిజమైనవే. మోసం వాటిలో లేదు.

ఇంటికొచ్చాక అద్దం మీద ఊదినట్టు అడుగున నోటి ఆవిరి ఊదాను. అది ఆరుతుంటే ముద్రల చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో వెంట్రుకంత గీత తేలింది. టంకం అతుకు! గుండె గుభేలుమంది. ఏదో పాత చెంచా కాడ నుంచి ముద్రలున్న ముక్క కోసి ఇక్కడ అతికించారు. అప్పటి లండన్ మగ్గుల అడుగున ముద్రలు సాధారణంగా ఎడంగా కొట్టి ఉంటాయి. నాదాంట్లో మాత్రం ఒకే వరుసలో ఇరుక్కుని ఉన్నాయి. కొనేటప్పుడే అనుమానం రావాల్సింది.

ఈ విద్య పాతదే. 1720 నుంచి 1758 దాకా వెండి సామాను మీద ఔన్సుకి ఆరు పెన్నీల సుంకం ఉండేది. అది ఎగ్గొట్టడానికి అప్పటి కంసాలుల్లోనే కొందరు చిన్న వస్తువుకి మాత్రమే సుంకం కట్టి, దాని ముద్రలు పెద్దదానికి అతికించేవారు. తర్వాత వచ్చిన దొంగ వ్యాపారులూ అదే దారి పట్టారు.

ట్యాంకార్డ్ కొంటుంటే మూత మీద కూడా ముద్రలున్నాయో లేదో చూడండి. విక్టోరియా కాలంలో చాలా ట్యాంకార్డులకి ముక్కు అతికించి జగ్గులు చేసేశారు. పక్కల్ని బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. ఒకచోట రేకు పల్చగా లోపలికి పోతుంటే, అక్కడున్న పాత కుటుంబ చిహ్నాన్ని అరగదీసి ఉండొచ్చు. హాల్‌మార్క్ ఉన్న వస్తువుని అస్సే ఆఫీసు (వెండిని పరీక్షించి హాల్‌మార్క్ వేసే కార్యాలయం) అనుమతి లేకుండా మార్చడం 1973 చట్టం ప్రకారం నేరం.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "రసీదు చూసుకోండి" అన్నాడు. అందులో "వెండి మగ్గు" అని మాత్రమే ఉంది. కాలం లేదు, ఊరు లేదు. మీరు మాత్రం ఆ రెండూ రాయించుకోకుండా డబ్బులివ్వకండి.

మగ్గుని లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో ఇలాంటి అనుమానాస్పద వెండిని పరీక్షించే యాంటిక్ ప్లేట్ కమిటీకి పంపుతున్నాను. వాళ్లు ఏం తేల్చినా మీకు చెబుతాను.