ఒడిశా సరిహద్దులో ఉచిత సర్వర్లు, రిమోట్ డెస్క్‌టాప్‌లు: రాయగడ నుంచి గుణుపురం దాకా నా అనుభవం

రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల వైపు పని మీద తిరిగేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. బరువైన లాప్‌టాప్ మోయకుండా, డబ్బులు కట్టకుండా, ఎక్కడో ఉన్న కంప్యూటర్ మీద మన పని నడిపించుకోవచ్చా అని. నడిపించుకోవచ్చు. అయితే ఆ కొండల్లో ఏ సర్వర్ (అలా దూరంగా ఉండి మన పని చేసిపెట్టే కంప్యూటర్) మంచిదో దాని ర్యామ్ చూసి చెప్పలేం. మన నెట్ పోయి మళ్ళీ వచ్చేసరికి అది పని చేస్తూనే ఉందా, మనం వదిలిన చోటే దొరికిందా, అదే చూడాలి. కింద అన్నిటినీ ఆ లెక్కతోనే తూకం వేశాను, లాడ్జీలతో సహా.

నా పని పాత తెలుగు పుస్తకాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుగా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాల్లో చాలా భాగం అటు కలిసింది. అందుకే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో తెలుగువాళ్ళ ఇళ్ళ బీరువాల్లో ఇప్పటికీ శతకాలు, పంచాంగాలు, నాటకాల కరపత్రాలు, చేత్తో రాసుకున్న పాటల నోటు పుస్తకాలు ఉన్నాయి. ఆ ఇళ్ళలో పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు, చదివేవాళ్ళు లేక ఆ కాగితాలు చెదల పాలవుతున్నాయి. పెద్దవాళ్ళను అడిగి, పుస్తకాన్ని ఇంట్లోంచి కదపకుండా పేజీ పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకుంటాను. రాత్రి లాడ్జిలో ఆ ఫోటోలు సర్వర్‌కి ఎక్కిస్తే, అక్కడ టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్ అచ్చు పేజీల్లోని తెలుగు అక్షరాలను గుర్తుపట్టి వెతుక్కోవడానికి వీలైన పాఠంగా మారుస్తుంది. చేతిరాత దానికి చదవరాదు, అవి చూసి టైప్ చేయాల్సిందే. అచ్చు పేజీల పనికి కావలసింది తెల్లారేదాకా ఆగకుండా నడిచే యంత్రం, అంతే.

రాయగడకి విజయనగరం నుంచి రైలే సుఖం. బొబ్బిలి, పార్వతీపురం దాకా సిగ్నల్‌కి ఢోకా లేదు, కూనేరు దాటి కొండల్లోకి వెళ్ళాక వస్తూ పోతూ ఉంటుంది. ఊళ్ళో మాత్రం బాగానే ఉంటుంది. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే జనం వల్ల లాడ్జీలకు కొదవ లేదు, ఆదివారం, బుధవారం మాత్రం ముందే ఫోన్ చేసుకోవడం మంచిది. తెలుగులోనే మాట్లాడొచ్చు, తిరిగి తెలుగులోనే జవాబు వస్తుంది. గది చూపించినప్పుడు ఏసీ, టీవీ సంగతి తర్వాత, మంచం పక్కన ప్లగ్ ఉందా, కరెంటు పోతే ఆ ప్లగ్‌కి ఇన్వర్టర్ వస్తుందా, ఫోన్‌లో ఎన్ని గీతలు ఉన్నాయి, ఈ మూడూ చూడండి. వెనకవైపు గది ప్రశాంతంగా ఉంటుందని ఇస్తారు, నెట్ మాత్రం వీధివైపు గదిలోనే బాగా వస్తుంది. నేను దిగిన ఒక లాడ్జి వైఫైలో మామూలు వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి గానీ సర్వర్‌కి వెళ్ళే 22వ నంబర్ పోర్టు, అంటే కనెక్షన్ వెళ్ళే ద్వారం, మూసేసి ఉంది. రిసెప్షన్‌లో అబ్బాయికి అదేంటో తెలియదు, అడిగి లాభం లేదు. అలాంటిచోట ఫోన్ హాట్‌స్పాట్‌కి మారిపోవాలి, లేదా సర్వర్‌ని ముందే 443 పోర్టు మీద కూడా కనెక్షన్ తీసుకునేలా పెట్టుకుని బయల్దేరాలి.

కార్డు నంబర్ ఇవ్వకుండా ఇప్పటికిప్పుడు ఒక లినక్స్ (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టం) కంప్యూటర్ కావాలంటే గూగుల్ క్లౌడ్ షెల్ చాలు. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, 5 జీబీ చోటు ఇస్తుంది, వారానికి 50 గంటలు వాడుకోవచ్చు. కమాండ్లు నేర్చుకునే పిల్లలకి ఇంతకన్నా మంచిది లేదు. గుణుపురంలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడికి నేను ఇదే చూపించాను, వాడి దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. కానీ మనం ముట్టుకోకపోతే కాసేపటికి ఆగిపోతుంది, రాత్రంతా నడిచే పని దీనికి అప్పజెప్పలేం. గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ దీనికన్నా బలమైనది. మామూలు ఖాతాకి నెలకి 120 కోర్ గంటలు (ప్రాసెసర్‌లో ఒక్కో కోర్ నడిచే గంటలు) ఉచితం, అంటే రెండు కోర్ల యంత్రం తీసుకుంటే 60 గంటలు. ప్రోగ్రామ్ రాసేవాళ్ళకి చాలా బాగుంటుంది. కదలిక లేకపోతే 30 నిమిషాల్లో ఆగేలా మొదట్లో పెట్టి ఉంటుంది, ఆ గడువు కొంత పెంచుకోవచ్చు గానీ ఎప్పుడూ వెలిగి ఉండే సర్వర్‌గా వాడటానికి దాన్ని చేయలేదు.

ఎప్పుడూ నడిచేది కావాలంటే నాకు తెలిసి రెండే దారులు. గూగుల్ క్లౌడ్‌లో ఈ2 మైక్రో అనే చిన్న యంత్రం నెలంతా ఉచితంగా ఇస్తారు, 1 జీబీ ర్యామ్, 30 జీబీ డిస్కు. చిక్కేమిటంటే అది అమెరికాలోని ఒరెగాన్, అయోవా, సౌత్ కరోలినా కేంద్రాల్లో మాత్రమే ఉచితం, ముంబై ఎంచుకుంటే బిల్లు వస్తుంది. అక్కడినుంచి మనవైపు వచ్చే డేటా కూడా నెలకి 1 జీబీ దాకానే ఉచితం. రాయగడలో కూర్చుని ఒక అక్షరం కొడితే అది కనబడటానికి పావు సెకను పట్టినట్టుంటుంది, గంటసేపు అలా పని చేస్తే తలనొప్పి వస్తుంది. ఫోటోలు ఎక్కించి, చివర్లో పాఠం మాత్రమే దించుకునే నాలాంటి పనికి ఆ 1 జీబీ సరిపోతుంది, ఎందుకంటే అటు వెళ్ళే డేటాకి డబ్బు లేదు, ఇటు వచ్చే పాఠం చాలా చిన్నది. కానీ ఓసీఆర్‌కి, అంటే ఫోటోలోని అక్షరాలు గుర్తుపట్టే పనికి, ఆ చిన్న ప్రాసెసర్ బాగా నెమ్మది.

రెండోది ఒరాకిల్ క్లౌడ్ ఫ్రీ టియర్, 2019 నుంచి ఉంది. నేను తీసుకున్నప్పుడు ఆర్మ్ అనే రకం ప్రాసెసర్ మీద 4 కోర్లు, 24 జీబీ ర్యామ్ దాకా, 200 జీబీ డిస్కు దాకా ఇచ్చారు. పైగా హైదరాబాద్, ముంబై రెండుచోట్లా కేంద్రాలున్నాయి కాబట్టి అక్షరం కొట్టగానే కనబడుతుంది. ఖాతా తెరవడానికి కార్డు అడుగుతారు, మనిషిని నిర్ధారించుకోవడానికి. మొదట ఎంచుకున్న హోమ్ రీజియన్ (మన ఖాతా ఉండే కేంద్రం) తర్వాత మార్చడానికి వీల్లేదు, ఉచిత యంత్రాలు అక్కడే దొరుకుతాయి, కాబట్టి ఆ పేజీ దగ్గర తొందరపడొద్దు. అడిగినవాళ్ళు ఎక్కువైతే కెపాసిటీ లేదని మెసేజ్ వస్తుంది, వేరే సమయంలో మళ్ళీ ప్రయత్నించాలి, అందుకే ఇది ప్రయాణానికి ముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని. ఇంకో నియమం కూడా ఉంది. సత్రంలో గది తీసుకుని తాళం వేసి వెళ్ళిపోతే ఊరుకోనట్టే, వారం రోజులపాటు ప్రాసెసర్, నెట్‌వర్క్, మెమరీ వాడకం బాగా తక్కువుంటే ఆ యంత్రాన్ని ఖాళీగా ఉన్నట్టు లెక్కగట్టి వెనక్కి తీసుకోవచ్చు. టెసరాక్ట్ తెలుగు ప్యాకేజీ ఉబుంటు అనే లినక్స్‌లో ఆర్మ్ మీద కూడా చక్కగా నడుస్తుంది. నా పనికి నేను ఎంచుకున్నది ఇదే.

అమెజాన్ క్లౌడ్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. అక్కడ పన్నెండు నెలల ఉచితం అనే పాత పద్ధతి 2025 జూలై 15 తర్వాత చేరినవాళ్ళకి లేదు, ఇప్పుడు క్రెడిట్లు, అంటే అక్కడే ఖర్చుపెట్టుకునే మొత్తం, ఇస్తారు, ఉచిత ప్లాన్ ఆరు నెలలకి ముగుస్తుంది. విద్యార్థులైతే మైక్రోసాఫ్ట్ అజూర్ స్టూడెంట్ ఖాతా చూడండి, కాలేజీ మెయిల్ ఉంటే కార్డు లేకుండానే 100 డాలర్ల క్రెడిట్ వస్తుంది.

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైలు ఈ సర్వర్లకు అసలైన పరీక్ష. టికిరి, లక్ష్మీపూర్ రోడ్, దామన్‌జోడి మీదుగా సొరంగం తర్వాత సొరంగం, లోయలు, వంతెనలు. కిటికీలోంచి చూడటానికి ఎంత అందమో నెట్‌కి అంత కష్టం. ఇక్కడే టీమక్స్, మోష్ అనే రెండు ఉచిత పనిముట్ల విలువ తెలుస్తుంది. టీమక్స్ లోపల మొదలుపెట్టిన పని మన కనెక్షన్ తెగినా సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. మోష్ అయితే సొరంగంలో తెగి, బయటికి రాగానే మళ్ళీ లాగిన్ అడగకుండా తనంతట తనే కలుపుకుంటుంది. దానికి సర్వర్ ఫైర్‌వాల్‌లో (ఏ కనెక్షన్ లోపలికి రావాలో చూసే కాపలా) 60000 నుంచి 61000 దాకా యూడీపీ పోర్టులు తెరవాలి. ఫోన్‌లోంచే కమాండ్లు ఇచ్చే టెర్మక్స్ యాప్ పెట్టుకుంటే లాప్‌టాప్ సంచిలోంచి తీయక్కర్లేదు. ఫోటోలు ఎక్కించడానికి ఆర్‌సింక్ వాడండి, ఎక్కిన ఫైళ్ళని వదిలేసి మిగిలినవే పంపుతుంది. అదే సర్వర్ మీద ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ పెట్టి బొమ్మలాగా చూద్దామంటే రైల్లో కుదరదు, మౌస్ ఒకచోట, మన వేలు ఇంకోచోట ఉంటాయి. లాడ్జిలో మంచి సిగ్నల్ ఉన్నప్పుడు సరే.

జయపురంలో మా బాబాయ్ ఇంట్లోనే దిగాను, కాబట్టి అక్కడి లాడ్జీల గురించి చెప్పను. కోరాపుట్ నుంచి ఘాట్ రోడ్డులో జీపు, బస్సు రెండూ దొరుకుతాయి, కోరాపుట్‌లో కాఫీ తాగకుండా మాత్రం దిగకండి. బాబాయ్‌ది బియ్యం వ్యాపారం, లెక్కలన్నీ ఇంట్లో విండోస్ కంప్యూటర్‌లో ట్యాలీలో. నెలకోసారి రాయగడ వెళ్ళినప్పుడు ఎవరో బాకీ అడిగితే ఇంటికి ఫోన్ చేయడం, పిన్ని కంప్యూటర్ ముందు కూర్చుని వెతకడం, అదొక టెన్షన్. "ఒరే, నాకూ ఒక ఉచిత ఆర్‌డీపీ పెట్టిపెట్టు, ఫోన్‌లో గ్రూపులో ఇస్తున్నారట" అన్నాడు. ఆర్‌డీపీ అంటే దూరంగా ఉన్న విండోస్ కంప్యూటర్ తెరను మన దగ్గర తెరిచి వాడుకునే పద్ధతి. ఆ గ్రూపు తెరిచి చూస్తే ఒక ఐపీ అడ్రసు, అడ్మినిస్ట్రేటర్ అనే యూజర్ పేరు, పాస్‌వర్డు, అంతే. ఎవరిదో ఆఫీసు కంప్యూటర్ తాళం దొంగిలించి వీధిలో పంచిపెట్టినట్టే చాలాసార్లు. అందులో మన వ్యాపారం లెక్కలు పెడితే ఆ పాస్‌వర్డు తెలిసిన ప్రతివాడూ చూస్తాడు, బ్యాంకులోకి లాగిన్ అయితే చెప్పక్కర్లేదు. ప్రోగ్రాములు నడిపించుకోవడానికి ఇచ్చే గిట్‌హబ్ యాక్షన్స్‌తో, గూగుల్ కొలాబ్‌తో ఉచిత డెస్క్‌టాప్ తయారుచేసే చిట్కాలు కూడా తిరుగుతున్నాయి. అవి ఆ సేవల నియమాలకు విరుద్ధం, ఖాతా ఆగిపోతే అందులో ఉన్న మన సొంత పని కూడా పోతుంది.

నిజానికి బాబాయ్‌కి సర్వరే అక్కర్లేదు, ఇంట్లో కంప్యూటర్ ఉంది కదా. దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాను. పూర్తిగా ఉచితం, ఆయన గూగుల్ ఖాతాతోనే ఫోన్‌లోంచి తెరుచుకుంటుంది, కనీసం ఆరు అంకెల పిన్ పెట్టుకోవాలి, రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు. విండోస్ హోమ్ ఎడిషన్‌లో మామూలు ఆర్‌డీపీ బయటి నుంచి లోపలికి రానివ్వదు, దానికి ప్రో ఎడిషన్ కావాలి. ప్రో ఉన్నా 3389 పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి, దాన్ని వెతుక్కుంటూ తిరిగే దొంగ ప్రోగ్రాములు పగలూ రాత్రీ ఉంటాయి. కంప్యూటర్ నిద్రలోకి వెళ్ళకుండా సెట్టింగ్ మార్చాను, కరెంటు పోయి వస్తే తనంతట తనే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల పేజీ) పెట్టాను. మర్నాడు బజార్లో కొట్టు ముందు నిలబడి ఫోన్‌లో ఖాతా తెరిచి చూపించినప్పుడు ఆయన మొహం చూసి నాకు ఎంత సంతోషమేసిందో. పిన్నికి ఇంకా సంతోషం.

గుణుపురానికి రాయగడ నుంచి బస్సులో వెళ్ళొచ్చు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవాళ్ళకి నౌపడ జంక్షన్ నుంచి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా రైలుంది. ఒకప్పుడు అది పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మార్గం, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. తీసుకున్న గది చిన్నదే, నెట్ మాత్రం ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా బాగుంది, ఒక్క రాత్రిలో పర్లాకిమిడి పంచాంగాల ఫోటోలన్నీ ఎక్కిపోయాయి. నేను లాడ్జిలో దిగిన ఈ రెండు ఊళ్ళలో ఇలాంటి పనికి బస ఎంచుకోమంటే గుణుపురమే అంటాను, తిండికి, మనుషుల పలకరింపుకి రాయగడ.

వెళ్ళేవాళ్ళు ఖాతా తెరిచిన రోజే బిల్లింగ్ పేజీలో బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, పాస్‌వర్డు లాగిన్ ఆపేసి ఎస్ఎస్‌హెచ్ కీ (పాస్‌వర్డు బదులు సర్వర్‌లోకి వెళ్ళడానికి వాడే తాళంచెవి ఫైలు) మాత్రమే ఉంచండి, ఆ కీ నకలు ఫోన్‌లో కాక ఇంకోచోట కూడా దాచండి. ఉచిత ఖాతాలో ఉన్నదాన్ని ఒక్కచోటే ఉంచొద్దు. నేను ప్రతి ఊరు వదిలేముందు పాఠం ఫైళ్ళు దించుకుని, మొత్తం ఫోటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ పుస్తకం ఎవరిదో వాళ్ళకే ఇస్తున్నాను.