మూడేళ్లుగా నా దగ్గరున్న రంగుల కార్డు, ఒక హరికేన్ గొడవ

ఈ కార్డు మీద నాకు ప్రేమ ఒక్క కారణానికే. దీంట్లో రంగులు అచ్చేసినవి కావు. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి బ్రిటిష్ విమానాల రంగుల్ని నిజం పెయింటుతో పూసి, గోరంత ముక్కలు కోసి అంటించారు. వేలు పెడితే కాస్త గరుగ్గా తగుల్తుంది. ఫోన్ తెర చూసి బొమ్మ విమానాలకు రంగులు కలుపుకునే నాబోటివాడికి అదే పెద్ద భోగం. కస్టమ్స్‌తో కలిపి దీని ఖరీదు, ముక్కలు అతికించి విమానం మోడల్ చేసుకునే కిట్టు ఖరీదును దాటింది. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

తెప్పించింది ఒకే ఒక్క విమానం కోసం. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్ దగ్గర పోరాడిన మన వైమానిక దళం ఒకటో స్క్వాడ్రన్ హరికేన్ ఫైటర్, అసలులో 48వ వంతు (1/48) సైజు. కిట్టులో వచ్చిన కాగితం చూస్తే ఆకుపచ్చ, ఓషన్ గ్రే వెయ్యమంటుంది. అది 1941 ఆగస్టులో ఇంగ్లండు ఫైటర్లకు వచ్చిన జత. బర్మా వైపు హరికేన్ల మీద పాత జతే నడిచింది: పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్, కింద మీడియం సీ గ్రే. ఫోటోల్లో తేల్చుకుందామా అంటే, నలుపు తెలుపులో మట్టి రంగూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకే బూడిద. పైగా ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములో ఎరుపు నల్లగా పడుతుంది, నీలం పాలిపోతుంది. మ్యూజియం విమానాలకా, మళ్లీ మళ్లీ రంగేస్తుంటారు. అందుకే కార్డు.

డార్క్ ఎర్త్ అంటే, మన ఒంగోలు వాళ్లకు చెప్పాలంటే, ఆకు కాల్చే బ్యారన్‌లో కాస్త ఎక్కువ కాగిన పొగాకు. పగటి వెలుతుర్లో కార్డు పక్కన పెట్టి కలిపా. అచ్చంగా దిగింది. ఎయిర్‌బ్రష్‌తో కొట్టి, డెకాల్స్ (గుర్తుల స్టిక్కర్లు) అతుక్కోవడానికి పైన నిగనిగలాడే గ్లాస్ పూత వేశా. తెల్లారి చూస్తే రెక్క కార్డు కన్నా ఒక మెట్టు ముదురు! ఆరాక పెయింటు తిరిగిందనుకుని, నాలుగు చుక్కల తెలుపు కలిపి మళ్లీ కొట్టా. మళ్లీ గ్లాస్, మళ్లీ ముదురు. ఇంకోసారీ అదే. మూడు పూతల కింద రివెట్లు పూడిపోయాయి. హరికేన్‌కి వెనక సగం గుడ్డే కదా, దాని కింద పట్టీలు తేలినట్టుండే అందం కూడా పోయింది. కార్డు తయారుచేసినవాడిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నా.

నా ఉద్యోగం చీమకుర్తిలో, ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాయడం. ఎండలో చూద్దామని రెక్కనూ కార్డునూ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని పోయా. పాలిషింగ్ మిషన్ మీదుండే కుర్రాడు రెండూ చూసి నవ్వాడు. "పాలిష్ పట్టిన పలకనీ పట్టని పలకనీ పక్కపక్కన పెట్టి రంగు తేడా అంటే ఎట్టన్నా?" అని, పక్కనున్న పచ్చి బండ మీద సీసాలో నీళ్లు పోశాడు. బూడిదగా ఉన్న రాయి నల్లగా నిగనిగలాడింది. ఆరాక మళ్లీ బూడిదే.

పదిహేనేళ్లుగా రోజూ చూస్తున్నదే. రెక్క దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

ఆ రాత్రి మెరుపు చంపే మ్యాట్ పూత కొడితే, నేను పోసిన తెలుపంతా బయటపడి రెక్క కార్డు కన్నా పాలిపోయింది. తిక్క రేగింది గానీ, వారం తర్వాత అల్మరాలో చూస్తే అదే బాగుంది. బర్మా ఎండకీ వానకీ నలిగిన విమానంలాగే ఉంది. చిన్న మోడల్ మీద అసలు రంగు యథాతథంగా వేస్తే బరువుగా కనిపిస్తుందని మోడలర్లు ఊరికే అనరు. "తెలుపు కలిపాక ఇంక కార్డెందుకు?" అన్నాడు మా తమ్ముడు. మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి కదరా అన్నా. అంతకన్నా గట్టి జవాబు నా దగ్గర లేదు.

కొన్న కొత్తలో ఇదొక్కటుంటే చాలని నలుగురికి చెప్పినవాణ్ణి నేనే. కానీ జపాన్ గుర్తుతో పొరబడకుండా ఇక్కడి విమానాల మీది గుండ్రటి గుర్తుల్లో ఎరుపు తీసేసి, మధ్యలో లేత నీలం వేశారు. ఆ లేత నీలం కార్డులో లేదు. నా కంటి అంచనాతోనే కలిపా.

ఏడాదికి రెండు మోడళ్లు చేసే నాకైతే గిట్టుబాటైనట్టే. అదీ వానలు రాకముందు మాట. మొన్న కార్తీక మాసం ముసురుకి జిగురు వదిలి రెండు ముక్కలు ఊడి కిందపడ్డాయి, ఓషన్ గ్రే, డార్క్ సీ గ్రే. ఫెవికాల్ పెట్టి అంటించా. ఏది ఏ గడిలోదో మాత్రం ప్రమాణం చేసి చెప్పలేను. స్పిట్‌ఫైర్ కిట్టు పెట్టె ఇంకా విప్పలేదు.