కొత్త టైరు కొంటున్నారా? ఆ నాలుగు అంకెలు చూశాకే డబ్బు ఇవ్వండి

పోయిన నెల నా బైకుకు వెనక టైరు మార్పించాను. బిల్లు మీద ‘కొత్తది’ అని రాసి ఉంది. చూడటానికీ కొత్తగానే ఉంది: నల్లగా నిగనిగలాడుతూ, ఒంటినిండా సన్నటి రబ్బరు వెంట్రుకలతో. పన్నెండో రోజున ఒక మలుపులో బైకుతో సహా పక్కకు జారి పడ్డాక, రోడ్డు పక్కన కూర్చుని చూసుకుంటే తెలిసింది, ఆ టైరు తయారై ఆరేళ్లు దాటిందని. మోచేయి చర్మం లేచిపోయింది, లెగ్‌గార్డ్ వంగింది. అంతకు మించి ఏమీ కాలేదు. త్వరలో టైర్లు మార్పించాలనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఇది చదవండి.

ఎక్కించిన రోజే షాపులో ఒక మాట చెప్పారు. ‘కొత్త టైరు కాబట్టి మొదట్లో కాస్త జారినట్టు ఉంటుంది, నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా తిరగండి, పట్టు అదే వస్తుంది’ అని. అందులో అబద్ధం లేదు. అచ్చులోంచి వచ్చిన కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అచ్చుకు అంటుకోకుండా వాడే పదార్థం తాలూకు జిడ్డు కూడా కొంత మిగిలి ఉండవచ్చు. రోడ్డు మీద ఆ పొర అరిగి గరుకుదేలేదాకా గట్టిగా బ్రేకు వేయవద్దని, మలుపుల్లో ఎక్కువగా వంచవద్దని టైర్ల కంపెనీలే చెబుతాయి. నా బాధంతా ఇక్కడే ఉంది. ఆ నిజమైన మాటే నా కళ్లకు గంతలు కట్టింది. ఆ తరువాత టైరు ఎన్నిసార్లు జారినా ‘కొత్తది కదా’ అని సర్దిచెప్పుకున్నాను.

ఆ నూట యాభై కిలోమీటర్లు ఎక్కడ తిరగాలి? పెద్ద రోడ్డు మీద లారీల మధ్య కొత్త టైరుతో ప్రయోగాలు ఎందుకని, ఇంటి చుట్టుపక్కల పల్లె దారులు పట్టాను. ఇంటికి నలభై కిలోమీటర్ల లోపే ఇంత అందమైన దారులు ఉన్నాయని ఇన్నేళ్లుగా తెలియకపోవడం నా తప్పే. తెల్లవారుజామున బయలుదేరితే పొలాల మీద మంచు ఇంకా విడిపోలేదు. కాలువ గట్టు వెంట సన్నటి తారు రోడ్డు, రెండు వైపులా చెట్లు, ఎదురుగా ఒక్క బండి లేదు. మూడో గేరులో, ఇంజను గొంతు పెంచకుండా వెళుతుంటే నీళ్ల చప్పుడు కూడా వినిపిస్తోంది. ఇలాంటి దారుల్లో వేగం అవసరం లేదు. అవసరమైనది పట్టు. నీడ పడిన చోట తారు తడిగా ఉంటుంది, రాలిన ఆకులు ఉంటాయి, పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కిన చోట బురద గీతలు ఉంటాయి. మలుపు తిరిగేదాకా ఇవేవీ కనిపించవు.

మొదటిసారి, రోడ్డుకు అడ్డంగా వెళుతున్న గేదెల కోసం ఆగబోతే వెనక చక్రం ఒక జానెడు పక్కకు తోసుకుపోయింది. కొత్తది కదా. రెండోసారి, చిన్న వంతెన దిగే చోట, వెనక బ్రేకు మీద కాలు ఆనించీ ఆనించకముందే చక్రం బిగుసుకుపోయి బరబరా ఈడ్చుకుపోయింది. కొత్తది కదా! మూడోసారి చెట్ల నీడలో ఎడమ వైపు మలుపు. స్పీడోమీటరు ముల్లు ముప్పై అయిదు దాటలేదు, బ్రేకు తాకలేదు, బైకును వంచింది కూడా అంతంత మాత్రమే. వెనక చక్రం నిశ్శబ్దంగా నా కిందినుంచి బయటికి నడిచి వెళ్లిపోయింది. హ్యాండిల్ తిప్పుకునే వ్యవధి కూడా దొరకలేదు. రోడ్డు తడిగా ఉన్న మాట నిజమే, పూర్తిగా టైరు మీదికే నెట్టను. కానీ ముందు టైరు అదే తడి మీదుగా వెళ్లి నిలబడింది.

ఆ ముందు టైరే అసలు గుట్టు విప్పింది. అది రెండేళ్లుగా వాడుతున్నది, సగం అరిగింది కూడా. గట్టు మీద కూర్చుని దాని గాడుల మధ్య బొటనవేలి గోరు నొక్కితే రబ్బరు కాస్త లొంగి, గోరు తీయగానే మళ్లీ సర్దుకుంది. ‘కొత్త’ వెనక టైరు మీద నొక్కితే గోరే వంగింది. జేబురుమాలు తడిపి టైరు పక్క గట్టిగా తుడిచాను. నిగనిగ అంతా రుమాలుకు వచ్చేసింది, కింద బూడిద రంగు తేలింది. అది టైరు నలుపు కాదు, పైన పూసిన పాలిష్. గాడుల అడుగున, వేలితో లాగి పట్టుకుంటే తప్ప కనిపించనంత సన్నగా, వెంట్రుకల్లాంటి పగుళ్లు.

అప్పుడు గుర్తొచ్చింది తేదీ చూడాలని. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక వరుస ఉంటుంది. దాని చివర, చాలా టైర్ల మీద కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి కట్టి, నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. నా దాని మీద 3118 అని ఉంది. అంటే 2018లో ముప్పై ఒకటో వారం, జులై ఆఖరు. నాలుగు అంకెలకు బదులు మూడే కనిపిస్తే అది 2000కు ముందు తయారైన టైరు, అలాంటిది ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఈ తేదీ చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటుంది. నా బైకుకు అది చైను వైపు పడింది, టార్చి వేసి, వంగి, మెడ తిప్పి చూస్తే తప్ప కనిపించదు. దాచడానికే అటు పెట్టారని మాత్రం అనను. తిరగాల్సిన దిశను చూపే బాణం గుర్తు ఉన్న టైరును ఒకే విధంగా ఎక్కించాలి, తేదీ ఎటు పడితే అటే.

షాపుకు వెళ్లి అడిగాను. ‘ఒక్క కిలోమీటరు కూడా తిరగని టైరు పాతది ఎలా అవుతుందండీ?’ అన్నారు. రబ్బరు తిరిగితేనే ముసలిది కాదు, ఊరికే ఉన్నా అవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ దాన్ని కొద్దికొద్దిగా బిరుసుగా మారుస్తాయి. అందుకే తయారీలోనే అందులో ఒక రకం మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతున్నప్పుడు ఆ మైనం పైకి వచ్చి సన్నటి పొరగా కాపాడుతుంది. కదలకుండా పడి ఉన్న టైరుకు ఆ అవకాశం తక్కువ. ఎండ తగలని చల్లటి చీకటి గదిలో ఉంచితే కొన్నేళ్లు బాగానే ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ వాళ్ల టైర్లు పేర్చి ఉన్నది ఎండ నేరుగా కొట్టే అద్దం పక్కన, గాలి కొట్టే మోటారు పొరుగున. నడిచే మోటారు నిప్పురవ్వల వల్ల కూడా ఓజోన్ పుడుతుంది. టైర్లను ఎక్కడ పెట్టకూడదో వెతికి వెతికి అక్కడే పెట్టినట్టు ఉంది.

డబ్బు వాపసు ఇవ్వలేదు. ఒకసారి చక్రానికి ఎక్కించాక వెనక్కి తీసుకోబోమన్నారు, ఇంకో టైరు కొంటే కొంత తగ్గిస్తామన్నారు. అదే రాశిలోంచి ఇంకొకటి! నా దగ్గర ఉన్న బిల్లు మీద టైరు కొలత ఉంది, తయారీ తేదీ లేదు. కాబట్టి ఆ 2018 టైరు వాళ్లే అమ్మారని చూపే కాగితం ఏదీ నా చేతిలో లేదు.

మీరు కొనేటప్పుడు టైరు ఇంకా నేల మీద ఉండగానే తేదీ చదవండి, ఫొటో తీసుకోండి, ఆ నాలుగు అంకెలు బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి నసిగారంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. రబ్బరు వెంట్రుకలు చూసి మోసపోవద్దు. అవి వాడలేదని చెబుతాయి గానీ వయసు చెప్పవు. మరీ మెరుస్తుంటే తడిగుడ్డతో తుడిచి చూడండి, టైరు నడిచే భాగం మీద పాలిష్ ఉంటే అది అందం కోసం వేసినా ప్రమాదమే. కొలత పక్కన ఉండే 55పి లాంటి గుర్తులూ ఒకసారి మీ బైకు పుస్తకంతో పోల్చుకోండి. 55 అంటే ఆ టైరు మోయగల బరువు 218 కిలోలు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని అర్థం. పాత టైరు మీద ఉన్నదానికంటే తక్కువది అంటగట్టడం కూడా జరుగుతుంది.

పాత బైకు కొనేవాళ్లకు ఈ అంకెలు ఇంకో విధంగా పనికొస్తాయి. ‘నాలుగేళ్ల బండి, మూడు వేల కిలోమీటర్లే తిరిగింది’ అని చెప్పి, రెండు టైర్ల మీదా నిరుటి తేదీ కనిపిస్తే, అసలు టైర్లు ఎందుకు మార్చారని అడగండి. మూడు వేలకే రెండూ అరిగిపోవు. మీటరు చెప్పని సంగతి టైరు చెబుతుంది.

పోయిన ఆదివారం వేరే షాపుకు టార్చి పట్టుకుని వెళ్లాను. కుర్రవాడు ముందు వరుసలోంచి ఒకటి దొర్లించుకొచ్చాడు. వంగి అంకెలు చదువుతుంటే అతను నా ముఖం చూసి, ఏమీ అనకుండా దాన్ని వెనక్కి దొర్లించి, లోపలి గదిలోంచి ఇంకొకటి తెచ్చాడు. అది తయారై తొమ్మిది వారాలయింది. ఇప్పుడు మళ్లీ నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా తిరగాలి, కాలువ గట్టు దారిలోనే.