ఇనుప త్సుబానా, షకుదో త్సుబానా?

జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఉండే బిళ్లే త్సుబా. 1876లో కత్తి ధరించడంపై నిషేధం వచ్చాక ఇవి పెద్ద ఎత్తున విదేశాలకు చేరాయి. కొత్తగా సేకరించేవాళ్లకు నా ఓటు ఇనుముకే.

ఇనుప త్సుబాను చేతిలోకి తీసుకోగానే అంచు చూడాలి. పాతకాలపు కొన్నిటికి అక్కడక్కడా గట్టి బుడిపెలు తేలి ఉంటాయి. వీటిని తెక్కొత్సు అంటారు. చిల్లుల లోపలి గోడల మీద అతుకు గీత కనబడితే పోత పోసిన నకలేమోనని అనుమానించండి. మధ్య రంధ్రం దగ్గర ఉలి దెబ్బలు, కూర్చిన రాగి ముక్కలు ఉంటే లోపమని కంగారు పడొద్దు. కత్తికి బిగువుగా కుదరడానికి అలా సరిచేసేవాళ్లు. (ఆ గుర్తుల్ని కూడా దొంగగా కొట్టే ఘనులున్నారు లెండి.)

షకుదో అంటే రాగిలో కొద్ది శాతం బంగారం కలిపిన లోహం. రసాయనాల నీళ్లలో మరిగిస్తే నేరేడుపండు నలుపు తేలుతుంది. దాని మీద సన్నటి బుడిపెలను వరస తప్పకుండా కొట్టే పని నానకో. కత్తి అలంకరణ పనిలో పేరుపడ్డ గోతో వంశం వాళ్ల పనితనం ముందు ఇనుము వెలవెలబోతుంది, కాదనను. కానీ పేరున్న పనికి ధరా ఎక్కువే, దొంగ సంతకాలూ ఎక్కువే. పైగా తెలియక పాలిష్ పెట్టి తోమారో, ఆ నలుపు కాస్తా పోతుంది.