బెంచ్ నుంచి దిగే ఆటా, మొదటి ఐదుగురిలో ఆటా?

భీమవరంలో మా మేనల్లుడు బాస్కెట్‌బాల్ టీమ్‌లో రెండేళ్లు బెంచ్ మీదే ఉన్నాడు. ఈ ఏడాది మొదటి ఐదుగురిలోకి వచ్చాడు. రెండూ దగ్గరుండి చూశాను.

బెంచ్ మీద కూర్చున్నప్పుడు వాడికి ఆట బాగా కనిపించేది. ఎదుటి గార్డుకి (బంతిని నేలకి కొడుతూ ముందుకు తెచ్చే ఆటగాడికి) ఎడమచేత్తో డ్రిబుల్ సరిగా రాదని అక్కడి నుంచే పసిగట్టి, దిగీదిగగానే అతన్ని అటువైపే నెట్టేవాడు. ఆడేది ఐదారు నిమిషాలే కాబట్టి ఒంట్లో ఉన్నదంతా పెట్టేసేవాడు. కష్టమల్లా చల్లబడిన కాళ్లతో దిగడమే. అందుకే మోకాళ్ల మీద తువ్వాలు కప్పుకుని, మడమలు ఆడిస్తూనే ఉండేవాడు.

మొదటి ఐదుగురిలో దిగే స్టార్టర్ లెక్క వేరు. 40 నిమిషాల ఆటలో 5 ఫౌల్స్ అయితే బయటికే. మొదటి క్వార్టర్‌లోనే రెండు పడితే టెన్షన్ మొదలు. పైగా మన డెల్టా ఉక్కపోతలో, చెమటకి బంతి జారుతుంటే, చివరిదాకా ఊపిరి దాచుకోవాలి.

జేమ్స్ హార్డెన్ 2012లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఉత్తమ సిక్స్త్ మ్యాన్, అంటే బెంచ్ నుంచి దిగేవాళ్లలో మేటి. హ్యూస్టన్‌కి వెళ్లి స్టార్టర్ అయ్యాక 2018లో ఎంవీపీ, అంటే లీగ్ మొత్తానికే మేటి ఆటగాడు. 2008లో అదే సిక్స్త్ మ్యాన్ అవార్డు అందుకున్న జినోబిలీ మాత్రం ఎక్కువగా బెంచ్ నుంచే ఆడి గొప్పవాడయ్యాడు.

పదహారేళ్లలోపు పిల్లలకైతే నా ఓటు బెంచ్‌కే. ప్రతి మ్యాచ్‌లో కాసేపైనా దించే కోచ్ ఉంటేనే సుమా. సీజనంతా కూర్చోబెడుతుంటే వేరే టీమ్ చూడండి.