ట్వైలైట్ డొమైన్ క్లెరిక్: రెండో లెవెల్ నుంచి పదకొండు దాకా నడిపించాక

పాచికలు వేస్తూ కథ నడిపే ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ట్వైలైట్ డొమైన్ క్లెరిక్‌ను, అంటే సంధ్యవెలుగు శాఖకు చెందిన పూజారి పాత్రను, ఉన్నదున్నట్టు ఆడనివ్వొచ్చా, లేక మొదటే వద్దనాలా అని కొత్తగా డీఎం (డంజియన్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు) అయినవాళ్లు తరచూ అడుగుతుంటారు. మా టేబుల్ మీద ఈ పాత్ర రెండో లెవెల్ నుంచి పదకొండో లెవెల్ దాకా వచ్చింది, ఇంకా నడుస్తోంది. డీఎంగా నాకు కనిపించింది చెబుతాను. పాత్ర చాలా బాగుంది. అందులో ఒక్క అంకె మాత్రం చెడ్డది. దాన్ని మారిస్తే చాలు, నిషేధించాల్సిన పనిలేదు.

మేం ఆడేది హనుమకొండలో, ఆదివారం సాయంత్రాలు, ఒక స్నేహితుడి ఇంటి మేడ మీద. నలుగురు ఆటగాళ్లు: క్లెరిక్, ఫైటర్ (యోధుడు), వార్‌లాక్ (ఒక అతీత శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడు), విజర్డ్ (చదివి నేర్చిన మాంత్రికుడు). కథ జరిగే ఊరు నేను అల్లుకున్నదే అయినా దాని నక్షా మన ఓరుగల్లు కోటది. లోపల రాతికోట, చుట్టూ కందకం, ఆ బయట మట్టికోట. హిట్ పాయింట్ల (పాత్ర ప్రాణానికి కొలత) లెక్కకు చింతగింజలు వాడతాం. ఎవరి ముందు ఎంత కుప్ప ఉందో అందరికీ కనిపిస్తుంది. ఈ క్లెరిక్‌తో వచ్చిన చిక్కు నాకు ముందుగా ఆ కుప్పల్లోనే కనబడింది. కొట్లాట ఎంత జోరుగా సాగినా కుప్పలు తరగడం లేదు.

ఈ డొమైన్ 2020లో టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే నియమాల పుస్తకంలో వచ్చింది. రెండో లెవెల్‌లో దీనికి ట్వైలైట్ శాంక్చువరీ అనే ఛానల్ డివినిటీ (విశ్రాంతి తీసుకుంటే మళ్లీ వాడుకోగలిగే దైవశక్తి) దొరుకుతుంది. క్లెరిక్ చుట్టూ 30 అడుగుల వ్యాసార్ధంతో మసక వెలుతురు గోళం ఏర్పడి, నిమిషం పాటు, అంటే 10 రౌండ్లు, క్లెరిక్‌తో పాటే కదులుతుంది. అందులో ఎవరి వంతు ముగిసినా వాళ్లకు ఒక డీ6 (ఆరు ముఖాల పాచిక) వేసి, దానికి క్లెరిక్ లెవెల్ కలిపి, అన్ని టెంపరరీ హిట్ పాయింట్లు (దెబ్బ తగిలితే అసలు వాటికన్నా ముందు తరిగేవి) ఇవ్వొచ్చు. లేదంటే వాళ్ల మీదున్న భయాన్నో వశీకరణాన్నో తొలగించొచ్చు. దీనికి స్పెల్ స్లాట్ (మంత్రాలు వేయడానికి లెక్కగా దొరికే వాటా) ఖర్చు లేదు, కాన్సంట్రేషన్ (ఒకసారికి ఒక్క మంత్రం మీదే పెట్టగల ఏకాగ్రత) అక్కర్లేదు.

కొంచెం లెక్క వేసి చూడండి. రెండో లెవెల్‌లో సగటున 5.5 వస్తుంది. గోబ్లిన్ కత్తి దెబ్బ కూడా ఒక డీ6కు 2 కలిపినంతే. అంటే ఒక్కొక్కరు రౌండుకు ఒక గోబ్లిన్ దెబ్బను ఊరికే మింగేస్తారు. ఆరో లెవెల్‌లో సగటు 9.5. మా నలుగురికీ కలిపితే రౌండుకు 38. ఆ లెవెల్ క్లెరిక్ ఒకటో లెవెల్ స్లాట్ ఖర్చు పెట్టి గాయం మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేస్తే, 2014 నియమాల్లో (ఈ ఎడిషన్ మొదటి నియమాలు) ఒక్క మనిషికి సగటున 8.5 వస్తుంది, అది కూడా విజ్డమ్ (క్లెరిక్ మంత్రబలాన్ని తేల్చే గుణం) 18 ఉంటేనే. పదో లెవెల్ వచ్చేసరికి గోళం ఇచ్చేది 13.5. ఓగర్ గద దెబ్బ సగటు 13. ఓగర్ తగిలించిన దెబ్బ కూడా తగలనట్టే అవుతోంది.

టెంపరరీ హిట్ పాయింట్లు గాయాన్ని మాన్పవు, పడిపోయినవాడిని లేపవు, ఒకదాని మీద ఒకటి పేరుకోవు కూడా. కాబట్టి పెద్ద సమస్య కాదని కొందరంటారు. నా అనుభవంలో ఆ మూడో మాటే అసలు ఇబ్బంది.

మా వార్‌లాక్ ఫీండ్ పేట్రన్‌ను (తనకు శక్తినిచ్చే దుష్టశక్తిని) ఎంచుకున్నాడు. శత్రువును చంపితే కరిస్మా మాడిఫయర్ (ఆ గుణాన్ని బట్టి వచ్చే అదనపు అంకె), వార్‌లాక్ లెవెల్ కలిపినన్ని టెంపరరీ హిట్ పాయింట్లు వస్తాయి. ఆరో లెవెల్‌లో అవి 10. ఎదుటివాడిని చంపితే అతనికి 10, గోళంలో ఊరికే నిలబడితే అందరికీ దాదాపు అంతే. రెండూ కలవవు గనుక ఒకటి దండుగ. కాజీపేట నుంచి వచ్చే ఆ తమ్ముడు కొన్నాళ్లు ఏమీ అనలేదు. ఒకరోజు ఆట అయిపోయాక మెల్లగా అన్నాడు: "అన్నా, నాకొచ్చేది నాకే పనికొస్తలేదు. గోలంల ఉంటే సాలు, సంపినా సంపకున్నా ఒకటే."

నేను అంతకాలం చూస్తున్నది ఆ ఒక్కమాటతో తేటపడింది. 2003 నాటి 3.5 ఎడిషన్‌లో క్లెరిక్ డివైన్ పవర్, రైటియస్ మైట్ లాంటి మంత్రాలు తన మీద తానే వేసుకుని ఫైటర్‌కన్నా బాగా కొట్టేవాడు. ఆ బలం పక్కవాడి కంట్లో పడుతుంది, గొడవ అవుతుంది, టేబుల్ దాన్ని సరిచేసుకుంటుంది. ట్వైలైట్ క్లెరిక్ బలం అందరికీ పంచిపెట్టే బలం. ఫైటర్‌కు సంతోషమే, విజర్డ్‌కు ఇంకా సంతోషం. ఎవరూ ఫిర్యాదు చేయరు గనుక చాలాకాలం ఎవరూ పట్టించుకోరు. ఈలోగా ఫైటర్ తన ప్రాణం తానే కొంత నింపుకునే సెకండ్ విండ్ వాడడం మానేస్తాడు, విజర్డ్ దెబ్బను అడ్డుకునే షీల్డ్ మంత్రానికి స్లాట్ దాచుకోవడం మానేస్తాడు. ఓడిపోతామన్న బెరుకు ఉన్నప్పుడే పుట్టే ఎత్తులు పుట్టడం ఆగిపోతాయి. నా మటుకు నాకు, ఈ ఆటలో పోకూడనిది అదే.

సరిదిద్దడానికి అందరూ చెప్పే మొదటి ఉపాయం రాక్షసులను బలంగా చేయడం. అది పనిచేయదు. గోళంలో ఉన్న ఫైటర్‌కు నొప్పి తెలియాలంటే దెబ్బ ఎంత పెద్దదై ఉండాలో, గోళం దాటి పది అడుగులు పక్కకు వెళ్లిన విజర్డ్ అదే దెబ్బకు కూలిపోతాడు. శత్రువులందరూ ఒక్కడి మీదే పడడం మాత్రం పనిచేస్తుంది. పాయింట్లు మళ్లీ నిండేది ఆ మనిషి వంతు ముగిసినప్పుడే కాబట్టి మధ్యలో పడిన దెబ్బలన్నీ తగులుతాయి. కానీ ప్రతి కొట్లాటలో అదే చేస్తే ఆటగాళ్లకు పగబట్టినట్టు ఉంటుంది.

నియమం ముట్టుకోకుండా చాలా బాగా పనిచేసింది కోట నక్షా. రాతికోట ద్వారం దగ్గర ఒక పని, మట్టికోట గట్టు మీద ఒక పని, మధ్యలో కందకం పెట్టాను. 30 అడుగుల గోళం ఒకచోటే ఉంటుంది, పనులు రెండుచోట్ల ఉన్నాయి. ఎవరిని గోళం బయటికి పంపాలో వాళ్లలో వాళ్లు వాదించుకుంటుంటే నాకు పండగలా అనిపించింది. రెండోది, కొట్లాటలు వెంటవెంటనే రావాలి. ఆరో లెవెల్ వచ్చేదాకా ఛానల్ డివినిటీ ఒక షార్ట్ రెస్ట్‌కు (చిన్న విశ్రాంతికి) ఒక్కసారే, ఆ తర్వాత రెండుసార్లు. 2014 డీఎం పుస్తకం రోజుకు ఆరు నుంచి ఎనిమిది కొట్లాటలను లెక్కలో పెట్టుకుంది. మాలాంటి ఆదివారం టేబుళ్లలో ఒకటో రెండో జరుగుతాయి, దాంతో గోళం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నిమిషం గడిచాక రెండో దండు వచ్చేలా పెడితే తేడా తెలుస్తుంది.

ఇంకో దారి పుస్తకంలోనే ఉంది. క్లెరిక్ ఇన్‌కెపాసిటేటెడ్ (ఏ పనీ చేయలేని స్థితి) అయితే గోళం ఆరిపోతుంది. క్లెరిక్‌కు విజ్డమ్ సేవ్ (హాని తప్పించుకోడానికి వేసే పాచిక) గట్టిది, మనిషిని కదలకుండా చేసే హోల్డ్ పర్సన్ మంత్రం తరచూ వృథా అవుతుంది. కాన్‌స్టిట్యూషన్ సేవ్ అడిగే క్యారియన్ క్రాలర్, ఇంటెలిజెన్స్ సేవ్ అడిగే మైండ్ ఫ్లేయర్ లాంటి రాక్షసులైతే పని జరుగుతుంది. వీటిని అరుదుగా వాడండి. వంతు పోగొట్టుకుని కూర్చోవడం ఎవరికీ సరదా కాదు.

ఇక అంకె సంగతి. ఒక మనిషికి ఒక్కసారే ఇవ్వాలన్న నియమం కొన్ని వారాలు పెట్టాం. అది మరీ చప్పగా ఉంది. క్లెరిక్ రియాక్షన్ (రౌండుకు ఒక్కసారే దొరికే ప్రతిచర్య) ఖర్చు పెట్టి రౌండుకు ఒకరికే ఇవ్వాలన్నది కూడా చూశాం. ఎవరికి ఇవ్వాలన్న చర్చతోనే ప్రతి రౌండూ సాగదీసినట్టయింది. చివరికి నిలిచింది ఇది: క్లెరిక్ లెవెల్ బదులు ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తో పాటు నెమ్మదిగా పెరిగే అంకె) కలపాలి. డీ6 గోళం వెలిగించినప్పుడు ఒక్కసారే వేయాలి, ఆ నిమిషమంతా అదే అంకె. రెండో లెవెల్‌లో రెండూ 2 గనుక మొదట్లో ఏ మార్పూ ఉండదు, కొత్త ఆటగాడికి నిరాశ కలగదు. ఆరో లెవెల్‌లో సగటు 9.5 కాస్తా 6.5 అవుతుంది, పదో లెవెల్‌లో 13.5 కాస్తా 7.5. వార్‌లాక్‌కు చంపినందుకు వచ్చేది మళ్లీ పైచేయి అయింది. పాచిక మాటిమాటికీ వేయనక్కర్లేదు కాబట్టి ఆట కూడా వేగం పుంజుకుంది.

ఆడుతున్న పాత్రను మధ్యలో తగ్గించేముందు ఆ ఆటగాడితో విడిగా మాట్లాడాలి. మా క్లెరిక్‌ను ఆడే అక్క నా లెక్క మొత్తం విని ఒక్క షరతు పెట్టింది: "తగ్గిస్తే తగ్గియ్యి తమ్మీ, గని నేను అందరికన్న ముందటికి పోయి నిలబడుడు మాత్రం ఆపకు." అందుకే హెవీ ఆర్మర్‌ను కదపలేదు, ఆరో లెవెల్‌లో వచ్చే ఎగిరే శక్తినీ కదపలేదు. భయం తొలగించే భాగమూ అలాగే ఉంది. స్పిరిట్ గార్డియన్స్‌ను (దగ్గరికొచ్చిన శత్రువులను గాయపరిచే ఆత్మలను) చుట్టూ తిప్పుకుంటూ ఆమె శత్రువుల మధ్యలోకి నడిచి వెళ్లే క్షణం మా అందరికీ ఇష్టమైనది. తగ్గించిన అంకెతో అది ఇప్పుడు నిజంగా ధైర్యమే, ఎందుకంటే దెబ్బలు తగులుతున్నాయి.

అదే పుస్తకంలోని పీస్ డొమైన్ గురించి కూడా అడుగుతారు. దాని ఎంబోల్డెనింగ్ బాండ్ శక్తి ఇచ్చే డీ4 (నాలుగు ముఖాల పాచిక) బ్లెస్ మంత్రం ఇచ్చే డీ4తో కలుస్తుంది. దాడికీ సేవ్‌కూ సగటున 5 అదనం. ఈ ఎడిషన్ లెక్కల్లో అది చాలా ఎక్కువ. రెండూ ఒకే మనిషి మీద వద్దనండి, సరిపోతుంది.

నియమాలను సవరించిన 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో క్లెరిక్‌కు లైఫ్, లైట్, ట్రికరీ, వార్ డొమైన్లే ఉన్నాయి. పాత ట్వైలైట్‌ను ఆ నియమాల్లోకి తెచ్చుకుంటే ఛానల్ డివినిటీ మొదటి నుంచే రెండుసార్లు దొరుకుతుంది. అంటే గోళం ఇంకా తరచుగా వెలుగుతుంది, ప్రొఫిషియెన్సీ బోనస్ మార్పు అక్కడ మరింత అవసరం. ఇటు స్పిరిచువల్ వెపన్ మంత్రానికి కాన్సంట్రేషన్ పెట్టారు, స్పిరిట్ గార్డియన్స్‌తో కలిపి నడపడం కుదరదు. అది మంచి మార్పు, 2014 నియమాలతో ఆడేవాళ్లు కూడా తెచ్చుకోవచ్చు.

ఈ డొమైన్ ఇచ్చే 300 అడుగుల డార్క్‌విజన్‌ను (చీకట్లో చూసే శక్తిని) మాత్రం ముట్టుకోకండి. రాత్రి దాడులు పనికిరాకుండా పోతాయని మొదట్లో అనిపిస్తుంది. కానీ దాన్ని ఒకసారి పంచుకున్నాక, లాంగ్ రెస్ట్ లోపు మళ్లీ పంచాలంటే స్పెల్ స్లాట్ ఖర్చవుతుంది, పంచింది గంటసేపే ఉంటుంది. మా వాళ్లు రాత్రి మట్టికోట చుట్టూ తిరగాల్సి వచ్చినప్పుడల్లా ఆ స్లాట్ ఇప్పుడు ఖర్చు పెట్టాలా, పొద్దున జరిగేదానికి దాచాలా అని తర్జనభర్జన పడుతూనే ఉన్నారు.